బానెట్ ఆఖర్న ఎత్తండి

పాత పికప్ చూడడానికి వెళ్లగానే అందరూ చేసే పని ఒకటే. బొలెరో అయితే బానెట్ ఎత్తుతారు, టాటా ఏస్ అయితే సీటు లేపుతారు. సెల్ఫ్ కొట్టించి ఇంజిన్ శబ్దం వింటారు, మీటరు చూస్తారు, ఎన్నో ఓనరని అడుగుతారు, టైరును కాలితో ఓ తన్ను తంతారు. ఆ తర్వాత బేరం. ఈ వరస మొత్తం తలకిందులుగా ఉందని నా గట్టి నమ్మకం. నేను చెప్పబోయేవి వింటే ఆటో కన్సల్టెన్సీల ముందు కుర్చీలేసుకుని కూర్చునేవాళ్లు తలతిక్క సలహాలంటారు. అననివ్వండి. ఇంజిన్ ఆఖర్న చూడండి. తక్కువ తిరిగిన బండికి ఆశపడకండి. మెరిసేదాన్ని వదిలేసి మురికి బండిని కొనండి. మొదటిసారి మెకానిక్కును వెంట తీసుకెళ్లకండి. ధర తగ్గించమని బతిమాలకండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఈ బండ్లను సరదాకు ఎవరూ కొనరు. కూరగాయల వ్యాపారి కొంటాడు, కౌలురైతు కొంటాడు, ఇన్నేళ్లూ వేరేవాళ్ల బండి నడిపి ఇక సొంతంగా ఒకటి తిప్పుకుందామనుకున్న డ్రైవరు కొంటాడు. రెండున్నర లక్షలో మూడు లక్షలో పెడతాడు. అందులో సగం ఇంట్లో బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బు. కారు చెడిపోతే బస్సెక్కి పోవచ్చు. పికప్ ఆగిపోతే ఆ రోజు కిరాయి పోతుంది, నాలుగు రోజులాగితే పిలిచే వ్యాపారి ఇంకో బండికి అలవాటుపడతాడు, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. ఇలాంటి మనిషికి తప్పుడు బండి అంటగట్టడం నాకు పాపంగానే కనిపిస్తుంది.

పికప్‌ను అరగదీసేది దూరం కాదు, బరువు. అది ఏం మోసింది, ఎంత మోసింది, ఎవరి చేతిలో మోసింది అన్నవి తెలిస్తే బండి తెలిసినట్టే. పూర్వం ఎద్దును కొనేటప్పుడు పెద్దవాళ్లు పళ్లు లెక్కపెట్టి ఊరుకునేవారు కాదు, మెడ మీద కాడి రాసుకున్నచోట చెయ్యి పెట్టి చూసేవారు. పికప్‌కు ఆ చోటు వెనకుంటుంది. కాబట్టి తాళాలు అడక్కుండా నేరుగా వెనక్కి వెళ్లండి.

తొట్టిలోకి ఎక్కి నిలబడండి. రేకు గుంటలు గుంటలుగా కిందికి దిగి ఉంటే దాంట్లో రాళ్లు పడ్డాయి. నున్నగా అరిగి తెల్లగా మెరుస్తుంటే ఇసుకనో కంకరనో పారలతో గీకి దింపారు. మూలల్లో బూడిదరంగు గడ్డ కట్టి గోటికి రాకపోతే సిమెంటు. క్యాబిన్ వెనకున్న ఇనప చట్రం పైకమ్మి మీద గాడిలా నొక్కుకుపోయి ఉంటే, తొట్టికి మించిన పొడవు చువ్వలో పైపులో దానిమీద ఆనించి తిప్పారు. తాళ్లు కట్టే కొక్కేలు అరిగాయా, వంగాయా? అరగడం మామూలే. వంగాయంటే తాడు బలంగా లాగి, ఎత్తుగా పేర్చి కట్టారన్నమాట. అడుగున కొత్త రేకు పరిచి ఉంటే దాని కింద పాత రేకు ఏమైందో అడగండి. అక్కడక్కడా బోల్టు రంధ్రాలు, బ్యాటరీ దగ్గర కోసి అతికిన వైర్లు కనిపిస్తే ఆ బండి మీద జనరేటరూ డీజే బాక్సులూ ఊరేగాయి.

సరుకులో రెండు జాతులున్నాయి. కొన్నిటితో తొట్టి నిండకముందే బరువు నిండుతుంది, కొన్నిటితో బరువు నిండకముందే తొట్టి నిండుతుంది. బేతంచెర్ల నాపరాళ్లు, తాండూరు బండలు మొదటి జాతి. ఆ రాయి ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు తూగుతుంది. టన్నుంపావు మోసే బండిలో అర ఘనపు మీటరు పేర్చగానే లెక్క పూర్తయింది. కళ్లకు చూస్తే తొట్టి ఇంకా ఖాళీగానే ఉంటుంది. అంత ఖాళీ పెట్టుకుని బయల్దేరే గుండె ఏ బండి యజమానికీ ఉండదు, ఇంకో వరస వేయిస్తాడు. తడి ఇసుక, ఇటుకలు, సిమెంటు కూడా ఇంతే. నీళ్ల క్యాన్లూ అంతే: 20 లీటర్ల క్యాన్లు 50 ఏస్‌లో ఎక్కిస్తే నీళ్లే వెయ్యి కిలోలు, దాని మోత ముప్పావు టన్ను. రోజుకు రెండు మూడు ట్రిప్పులు, ఏడాది పొడుగునా. ఆ బండి ఊరు దాటకపోయినా ముసలిదైపోతుంది.

రెండో జాతి బండ్లను వెతకండి. రొట్టెలు, చిప్స్, మరమరాలు, పరుపులు, ప్లాస్టిక్ సామాను, మందులు, బట్టల మూటలు మోసినవి. వీటి తొట్టి కిటకిటలాడినా చాసిస్‌కు పెద్ద బరువు తెలియదు. ఇలాంటి బండి పైకి గీతలుపడి, రంగు వెలిసి, కంపెనీ బొమ్మలు సగం చిరిగి అసహ్యంగా ఉండొచ్చు. పరవాలేదు.

బరువు తక్కువైనా బండిని తినేసే సరుకు ఇంకోటుంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల చేపలూ రొయ్యలూ మోసిన బండ్లలో ఐసు కరిగిన నీళ్లు తొట్టి సందుల్లోంచి రాత్రంతా చాసిస్ మీదికి కారుతూనే ఉంటాయి. ఉప్పునీటి చెరువుగట్ల మీద తిరిగిందైతే మరీనూ. కోళ్ల బండికి రెట్ట ఉంటుంది. రేకుల మడతల్లో చేరి తడి తగిలినప్పుడల్లా తుప్పు పట్టిస్తుంది. వాసన కడిగితే పోతుంది, తుప్పు పోదు. ఒక చిన్న సుత్తి దగ్గర పెట్టుకుని తొట్టిని చాసిస్‌కు బిగించిన చోట్లా, బ్యాటరీ కిందా, సైలెన్సరు పక్కనా మెల్లగా కొట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. పొక్కు పట్టింది బొదబొదమని పెచ్చులు రాలుస్తుంది. బ్రేకు పైపుల మీద వేలు పెట్టి తుప్పు తడమండి, అక్కడ పెచ్చు లేస్తే ఆ బండి ముందు ఎక్కువసేపు నిలబడొద్దు.

ఇప్పుడు కిందికి వంగండి, బట్టలు మాసిపోతాయని చూసుకోకండి. కమాన్ పట్టీలు రెండు పక్కలా లెక్కపెట్టండి. అదే మోడలు బండి మీ ఊళ్లో ఎవరిదైనా ఉంటే ముందురోజే దానివి లెక్కపెట్టి ఉంచుకోండి. కంపెనీ ఇచ్చినవాటికన్నా ఒకటో రెండో ఎక్కువుంటే ‘బలం కోసం వేయించాం’ అని గొప్పగా చెబుతారు. ఎక్కువ పట్టీ వేయించినవాడు ఎక్కువ బరువు వెయ్యడానికే వేయించాడు. ఆ బరువు పట్టీ ఒక్కటే మొయ్యలేదు. చాసిస్, హౌసింగ్, వీల్ బేరింగులు, బ్రేకులు అన్నీ మోశాయి, వాటికెవరూ అదనపు బలం ఇవ్వలేదు. తర్వాత క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు చూడండి. పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. పైన ఇరుకు, కింద వెడల్పు అయితే చాసిస్ నడుం దిగింది. సరిగ్గా ఆ సందు కిందే వెల్డింగ్ అతుకుల కోసం వెతకాలి, ఎక్కువగా విరిగేది అక్కడే. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా టేపుతో రెండు పక్కలా కొలవండి, తేడా వస్తే ఇంకేమీ కొలవక్కర్లేదు. చాసిస్‌కు అతుకుపడ్డ బండి ఎంత చవకైనా వద్దు. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

అందుకే మురికి బండి కొనమంటున్నాను. టింకరింగ్, పెయింటింగ్ చేయించి, టైర్లకు నల్లరంగు పూసి, కొత్త సీటు కవర్లు తొడిగి, చాసిస్‌కు నిగనిగలాడే నలుపు కొట్టించిన బండి పైన చెప్పిన గుర్తులన్నిటినీ చెరిపేసుకుని మీ ముందుకొస్తుంది. అమ్మేముందు అంత ఖర్చు పెట్టినవాడు ఆ డబ్బును ధరలో కలుపుకునే ఉంటాడు. అంటే మీ కళ్లకు గంతలు కట్టడానికయిన ఖర్చు మీరే ఇస్తారు. మట్టి పట్టి, డొక్కులు పడి, నిన్న సాయంత్రం దాకా లోడు దించిన బండిని కొంటే చూసిందే కొన్నట్టు. వీలైతే వానలో చూడండి. తలుపు రబ్బర్ల నుంచి నీరు కారుతుందో లేదో, తడిసిన బ్రేకు ఎలా పడుతుందో ఎండలో చూస్తే తెలియదు.

కిలోమీటర్ల సంగతి. నలభై వేలు తిరిగిందని మీటరు చూపిస్తే మొహాలు వెలిగిపోతాయి. మీటరు తిప్పడం పాత విద్యే, డిజిటల్ మీటరు వచ్చాక అది ఆగలేదు. కాబట్టి మీటరును టైరును అడిగి సరిచూసుకోవాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. 2019 బండి నలభై వేలే తిరిగితే కంపెనీ టైర్లే ఉండొచ్చు. నాలుగూ నాలుగు రకాలుగా, నాలుగు తేదీలతో కనిపిస్తే మీటరు అబద్ధం చెబుతోంది. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చేతులు పట్టే చోటు, డ్రైవరు సీటు అంచు కూడా మీటరుకన్నా నిజాయతీగా మాట్లాడతాయి.

మీటరు నిజమే చెప్పినా నా మాట మారదు. ఇంజిన్ ఎక్కువ అరిగేది చల్లగా మొదలైనప్పుడూ, కింది గేర్లలో ఏడుస్తూ లాగినప్పుడూ. పాలడైరీకో రొట్టెల కంపెనీకో రోజూ హైవే మీద ఒకే వేగంతో వెళ్లొచ్చి లక్షన్నర దాటిన బండి, ఊరి సందుల్లో వంద మీటర్లకోసారి ఆగుతూ నలభై వేలు తిరిగినదానికన్నా ఎంతో నయం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ బియ్యం ఇవ్వడానికి 2021 జనవరిలో 9,260 బండ్లు రోడ్డెక్కాయి. వాటిలో ఎక్కువ టాటా ఏస్‌లు, మిగతావి మారుతి సూపర్ క్యారీలు. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆపేశారు. అలాంటి బండి మీ ముందుకొస్తే మీటరు తక్కువ చూపిస్తుంది, ఊరు దాటని బండి కదా. కానీ బియ్యం బస్తాలతో వీధి వీధికీ ఆగుతూ కదులుతూ చేసిన పని అది. క్లచ్ ప్లేటు, సెల్ఫ్, బ్యాటరీ, వెనక పట్టీలు చూసి ధర కట్టాలి. తొట్టికి కట్టిన పెట్టెను మారిస్తే సీబుక్కులోనూ మారాలి, ఎవరి పేరున ఉందో, మీద అప్పుందో లేదో చూడాలి. కొనొద్దనడం లేదు, తక్కువ తిరిగిందన్న ఒక్క మాటకు ఎక్కువ ఇవ్వొద్దంటున్నాను.

‘సింగిల్ ఓనర్’ అన్న మాటకు కూడా నేను పైసా ఎక్కువ ఇవ్వను. మొదటి యజమాని పది బండ్లున్న కాంట్రాక్టరు అయి, జీతగాళ్ల చేతికిచ్చి ట్రిప్పుకింత అని నడిపిస్తే, ఆ ఒక్క ఓనరు కింద ఎంతమంది చేతులు మారాయో బండికే తెలియాలి. మూడో ఓనరు తనే నడుపుతూ, దాని మీదే ఇల్లు గడుపుకుంటూ, ఆయిలు మార్చిన తేదీ డైరీలో రాసుకునే మనిషైతే ఆ బండినే తీసుకోండి. అమ్మడానికి అతను చెప్పే కారణం కూడా వినండి. ‘పెద్ద బండి తీసుకుంటున్నా’ అంటే మంచిది. ఆ పెద్ద బండికి అడ్వాన్సు ఎక్కడ ఇచ్చాడో మాటల్లో అడగండి.

మెకానిక్కును మొదటే తీసుకెళ్లొద్దన్నది ఎందుకంటే, అతను కూడా బానెట్ దగ్గరికే వెళతాడు. అతని చదువు అక్కడుంది. మొదట మీరు ఒక్కరే, బండి రోజూ ఆగే చోటికి వెళ్లండి. అక్కడి హమాలీ దగ్గర టీ తాగుతూ అడగండి: ‘అన్నా, ఈ బండికి మామూలుగా ఎన్ని బస్తాలేస్తారు?’ అతనికి అబద్ధమాడాల్సిన అవసరం లేదు, పైగా బండి బలం గురించి చెప్పడం అతనికీ గర్వమే. ‘సిమెంటు నలభై బస్తాలేసినా కుయ్యిమనదు తమ్ముడూ’ అన్నాడంటే రెండు టన్నులని లెక్క కట్టుకుని నమస్కారం పెట్టి వచ్చేయండి. తర్వాత పంక్చరు షాపు. వెనక టైర్లు ఎన్నాళ్లకోసారి మారుస్తారో, ఏ పక్క ముందు అరుగుతుందో అతనికి కంఠతా ఉంటుంది. లోపలి అంచు ఒక్కటే అరుగుతోందంటే ఇరుసులోనో చాసిస్‌లోనో వంకర ఉంది.

ట్రయల్ కూడా ఖాళీ బండితో వద్దు. ఖాళీ పికప్ ఎంత పాతదైనా బాగానే పరుగెడుతుంది. కొంటున్నానని చెప్పకుండా ఒకరోజు కిరాయికి పిలవండి. మీరు రోజూ వెయ్యబోయే సరుకే వేయించి, పక్క సీట్లో కూర్చుని, మీ దారిలోనే తీసుకెళ్లండి. అమ్మేవాడికీ ఇందులో అన్యాయం లేదు, అతని కిరాయి అతనికి ముడుతుంది. ఫ్లైఓవరు ఎక్కేచోట ఆపించి మళ్లీ కదలమనండి. ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ జారుతోంది. దిగుడులో యాక్సిలరేటరు వదిలినప్పుడు గేరు తనంతట తానే న్యూట్రల్లోకి వస్తే గేర్‌బాక్సు పని ఉంది. యాభై అరవై వేగంలో వెనక నుంచి ఏడుపులాంటి సన్నటి రొద వచ్చి, కాలు తీయగానే స్వరం మారితే హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ అరిగాయి. బ్రేకు వేసినప్పుడు ఏ పక్కకు లాగుతుందో చూడండి, వేడి ముల్లు మీద కన్నుంచండి. ఆ పూట కిరాయి మీ మొత్తం ఖర్చులో అన్నిటికన్నా లాభసాటి డబ్బు.

ఎంత పెద్ద బండి? నా సలహా మీ చుట్టాలెవరికీ నచ్చదు: చిన్న కొత్త బండికన్నా పెద్ద పాతది కొనండి. మీ లోడు టన్ను అయితే మూడేళ్ల ఏస్ వైపు వెళ్లకండి. అదే డబ్బుకు ఏడెనిమిదేళ్ల దోస్త్‌నో బొలెరో పికప్‌నో చూడండి. ఏస్ 2005లో వచ్చినప్పుడు దానికున్నది 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్, 16 గుర్రాల బలం. ముప్పావు టన్నుకు అది బంగారం, టన్నుంపావుకు అదే శిక్ష. బొలెరో పికప్‌ది రెండున్నర లీటర్ల ఇంజిన్, టన్ను దానికి తేలిక. పెద్ద బండికి లైసెన్సు వేరే కావాలని జంకుతారు. మొత్తం బరువు ఏడున్నర టన్నుల లోపు సరుకు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది. పర్మిట్ సంగతి సీబుక్కులో జీవీడబ్ల్యూ (మొత్తం బరువు) అన్న గడి చూస్తే తెలుస్తుంది. 3,000 కిలోలు దాటకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. అధిక లోడు జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలై, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000 కలుస్తుంది. చిన్న బండిలో ఎక్కువ లోడు వేసి మిగిల్చిన డబ్బు రెండు జరిమానాలకు సరిపోదు.

ఇక కాగితాలు. బండి నచ్చాక కాగితాలు చూద్దామనుకుంటారు. నచ్చిన తర్వాత ఏ లోపమైనా చిన్నదిగానే కనిపిస్తుంది కాబట్టి వాటిని బండికన్నా ముందే చూడాలి. సీబుక్కు ఫొటో ఫోన్లో తెప్పించుకుని రాత్రి తీరిగ్గా చదవండి. యజమాని చిరునామా ముఖ్యం. పూర్వం ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి, చేపల బండేమోనని ఒక కన్నేసేవాళ్లు. ఏపీ 21 అంటే కర్నూలు, రాళ్ల బండేమోనని ఇంకో కన్ను. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే వరసగా ఏపీ 39 రావడంతో నంబరు ఆ కబురు చెప్పడం మానేసింది, చిరునామాయే చెప్పాలి. తర్వాత హెచ్‌పీ గడి. ఫైనాన్స్ పేరుంటే ‘ఎప్పుడో కట్టేశాం’ అన్న మాట చాలదు, ఫైనాన్స్‌వాళ్ల సంతకంతో ఫారం 35 కావాలి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ చూడండి. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఆ పరీక్షకు వెళ్లాలి. టాక్సు బాకీలు, చలాన్లు ఆన్‌లైన్లో నంబరు కొట్టి చూసుకోండి. ఆంధ్ర నుంచి తెలంగాణకో, అటు నుంచి ఇటో కొంటుంటే ఎన్ఓసీ ఎవరు తెస్తారో ముందే మాట్లాడుకోండి.

చాసిస్ నంబరు మీద మట్టి తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. ఆ ముద్రనూ సీబుక్కునూ అక్షరం అక్షరం సరిచూడండి. నంబరు చుట్టూ గ్రైండింగ్ గీతలుంటే బేరం మానండి.

కన్సల్టెన్సీల్లో ‘ఓపెన్ సంతకాలు’ అని ఒక పద్ధతుంది. అసలు యజమాని ఎప్పుడో ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి పోతాడు, బండి మూడు చేతులు మారి మీ దగ్గరికొస్తుంది. అందరూ ఇలాగే కొంటారు, నేను కొనొద్దంటాను. అసలు యజమాని కనిపించాలి, మీతోపాటు పేరు మార్పిడికి నిలబడాలి. అతను చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు ఫారం 31తో మారి, తర్వాత మీకు రావాలి. అమ్మేవాడు విసుక్కుంటే అతని మేలే చెప్పండి: పేరు మారకుండా చేతులు మారిన బండి ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరుందో ఆ మనిషే పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఈ మాట విన్నాక చాలామంది తామే ఆఫీసుకు వస్తారు. రాష్ట్రంలోపల అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలని చట్టం. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా మీరు 14 రోజుల్లోగా రాయాలి, లేకపోతే థర్డ్ పార్టీ రక్షణ ఉన్నా మీ సొంత బండి దెబ్బకు డబ్బు రాదు.

ఆ ఇన్సూరెన్సు కాగితాన్ని చాలామంది తేదీ చూసి మడిచేస్తారు. అందులో రెండు రహస్యాలుంటాయి. ఐడీవీ అని ఉండే మొత్తం, బండి ధరకు ఒక నిలకడైన కొలత; కన్సల్టెన్సీ చెప్పే ధరను దాని పక్కన పెట్టి చూడండి. ఎన్‌సీబీ శాతం ఇంకా విలువైంది. క్లెయిము లేని ఒక్కో ఏడాదికీ అది 20, 25, 35, 45, 50 అని పెరుగుతుంది. ఆరేళ్ల బండికి, ఫుల్ ఇన్సూరెన్సు క్రమంగా కట్టినదానికి, అక్కడ సున్నా ఉంటే ఈ మధ్యే క్లెయిము జరిగి ఉండొచ్చు, అంటే ఎక్కడో గుద్దుకుని ఉండొచ్చు. ఎక్కడో అడగండి. చేతిలో మొత్తం డబ్బున్నా ఊళ్లో ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లి ఈ బండి మీద ఎంతిస్తారని అడగడం ఇంకో మంచి పని. వాళ్లు ఇవ్వబోమంటే కారణం తెలుసుకోకుండా ముందుకు పోవద్దు.

బేరం దగ్గర నా పద్ధతి ఇది. మీ దగ్గర మూడు లక్షలుంటే రెండూపాతిక దాటిన బండి వైపు చూడకండి. మిగిలిన ముప్పావు లక్ష బండిదే, కాకపోతే కొన్న తర్వాత ఖర్చయ్యేది. ఆ రెండూపాతికలో కూడా ఐదు వేలు తగ్గించమని గంటసేపు కూర్చోకండి. అడిగినంత ఇస్తాను, హెచ్‌పీ తీయించి, చలాన్లు కట్టి, ఎఫ్‌సీ చేయించి, పేరు మార్చి ఇవ్వమనండి. ఐదు వేలు తగ్గించుకుని ఈ పనులన్నీ నెత్తిన వేసుకున్నవాడు ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల కిరాయి లెక్క వేసుకోడు. బయానా మాత్రం చిన్నదివ్వండి, ఏ పని ఎవరిదో కాగితం మీద రాసుకుని ఇవ్వండి.

ఫైనాన్స్‌వాళ్లు సీజ్ చేసిన బండ్ల యార్డులు మొదటి బండి కొనేవాళ్లకు కావు. అక్కడ ఉన్నది ఉన్నట్టు కొనాలి, లోడుతో నడిపి చూడనివ్వరు, నెలల తరబడి ఎండావానల్లో నిలబడ్డ బండ్లవి. కిస్తీ కట్టలేకపోయినవాడు ఆయిలు మార్చి ఉంటాడనుకోవడం కష్టం.

ఏ కంపెనీ అని అడుగుతారు. మీ ఊరి రోడ్డు పక్కన అరగంట నిలబడి ఏ పికప్ ఎక్కువసార్లు కనిపిస్తే అదే మంచి కంపెనీ. మైలేజీ రెండు కిలోమీటర్లు అటూఇటూ కావొచ్చు. సామాను మండల కేంద్రంలో దొరకడం, ఆ బండి విప్పిన చేతులు దగ్గర్లో ఉండడం అంతకన్నా పెద్ద ఆదా. ఇసుజు పికప్‌లు మన శ్రీసిటీలోనే 2016 నుంచి తయారవుతున్నాయి, గట్టి బండ్లే. మీకు దగ్గర్లో సర్వీసు లేకపోతే ఆ గట్టితనం మీకు పనికిరాదు.

ఇప్పుడు ఇంజిన్. ఇప్పుడు మెకానిక్కును పిలవండి. చెప్పకుండా పొద్దున్నే వెళ్లి, ముందే వేడి చేసి ఉంచారేమో చేత్తో తాకి చూసి, చల్లగా ఉన్నప్పుడే సెల్ఫ్ కొట్టించండి. ఆయిలు పోసే మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తుంటే బోరు పని దగ్గరపడింది. నీలం పొగైతే ఆయిలు మండుతోంది. రేడియేటరు నీళ్ల మీద నూనె తేలితే, ఆయిలు పుల్ల మీద పాలలా తెల్లగా ఉంటే హెడ్డు పని. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటే, అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు ఎడతెగకుండా వేగంగా పరుగెత్తాలి. ఊళ్లోనే తిరిగిన బండికి అది మూసుకుపోతుంది. మీ పని కూడా ఊళ్లోనే అయితే బీఎస్4 బండో, పెట్రోలుదో చూడండి. ఇంతకుమించి ఇంజిన్ గురించి నాకు దిగుల్లేదు. బోరు చేయించడానికి ఎంతవుతుందో ఏ ఆటోనగర్లో అడిగినా చెబుతారు, ఆ మొత్తం ధరలోంచి తీసేసి కొనొచ్చు. విరిగిన చాసిస్‌కూ లేని యజమానికీ అలాంటి లెక్క లేదు.

కొన్నాక మొదటి వారం లోడు వెయ్యకండి. పక్కన పెట్టిన డబ్బులో ముందు బ్రేకులు విప్పించండి, తర్వాత ముందు టైర్లు, తర్వాత ఇంజిన్, గేర్‌బాక్సు, హౌసింగ్ మూడింటి ఆయిళ్లూ, ఫిల్టర్లూ, బెల్టులూ. అమ్మినవాడు మొన్ననే మార్చానన్నా మార్పించి, ఆ తేదీ డైరీలో మొదటి పేజీలో రాయండి. అదనపు కమాన్ పట్టీ ఉన్న బండే చివరికి మీ చేతికొచ్చి ఉంటే దాన్ని తీయించేయండి. మిగిలిన డబ్బు బ్యాంకులో వేసి, క్లచ్ ప్లేటు అడిగేదాకా ముట్టుకోకండి.